రెండు నోళ్ళ పెట్టె

బాబాయ్ నా చేతిలో పెట్టింది సౌండ్ కార్డు కాదు, అద్దం ముక్క. ఎక్కడ తడిమినా నున్నగా ఉంది. నాబు లేదు, బటను లేదు, కనీసం వేలికి తగలడానికి ఒక గాటైనా లేదు.

"చూడమ్మా, ఎంత అందంగా ఉందో!" అన్నాడు.

"చూస్తాలే గానీ బాబాయ్, సౌండు పెంచాలంటే ఎక్కడ తిప్పాలి?"

"తిప్పేదేం లేదు. ముట్టుకుంటే చాలు. ఎక్కడ ముట్టుకోవాలో అక్కడ లైటు వెలుగుతుంది."

"ఎవరికి వెలుగుతుంది?"

నాకు చూపు లేదన్న సంగతి మర్చిపోవడం ఆయనకి ఎప్పటినుంచో అలవాటు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం కూడాను. కానీ ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది.

బాబాయ్ అంటే సొంత బాబాయేం కాదు. మా రేడియో స్టేషన్లో ఇంజనీరు. ఎప్పుడు చూసినా టంకం వాసన వేస్తుంటాడు. ప్రసారం మొదలైందని చెప్పడానికి స్టూడియోలో ఎర్ర లైటు వెలుగుతుంది. నాకోసం ఆ లైటుకి జతగా బల్ల కింద చిన్న మోటారు బిగించాడు. మైకు తెరుచుకోగానే అది నా మోకాలి దగ్గర గుర్రుమంటుంది. అంత బుర్ర ఉన్న మనిషి, తీరా అసలు వస్తువు దగ్గరికి వచ్చేసరికి పైన పటారం లోన లొటారం సరుకు పట్టుకొచ్చాడు.

మధ్యాహ్నం పూట శ్రోతలతో మాట్లాడుతూ, వాళ్ళడిగిన పాటలు వేసే గంట నాది. మాట నాది, మీటలు పక్కన కూర్చునే ఆపరేటరువి. ఆ ఆపరేటరు ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. డైరెక్టరు గారు నన్ను పిలిచి, ఎక్కడా ముడత లేని గొంతుతో, "కొత్తవాళ్ళందరూ అన్నీ ఒక్కరే చూసుకుంటున్నారమ్మా. మీకు తోడుగా కూర్చోబెట్టడానికి మనిషి లేడు. శనివారం ఒక్కరే చేసి చూపించండి. శుభ్రంగా వస్తే ఆ గంట మీదే. లేదంటే ప్రత్యక్ష ప్రసారం వేరేవాళ్ళకి ఇచ్చేసి, మీకు రికార్డింగులు ఇస్తాను," అన్నారు.

రికార్డింగంటే తలుపు మూసుకుని గోడలతో మాట్లాడటం. నాకు ఆ ఫోన్లు కావాలి. పాట అడిగే నెపంతో కోడలి మీద చాడీలు చెప్పే అత్తగారు కావాలి. లారీ ఆపి, ఇంజను ఆపకుండా మాట్లాడే డ్రైవరు కావాలి. నేను మనుషుల్ని కలుసుకునేదే ఆ గంటలో. అది పోతే నా దగ్గర మిగిలేది గొంతొక్కటే. దాన్నేం చేసుకోను?

"చేస్తానండీ," అన్నాను. అన్నాక వెనక్కి తగ్గేది లేదు.

చిక్కల్లా ఒక్కటే. నా లాప్‌టాప్‌లో తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే ప్రోగ్రాము, స్క్రీన్ రీడర్ ఉంటుంది. దానికి నేను పెట్టిన పేరు వాగుడుకాయ. తర్వాతి పాటేమిటో, టైమెంతైందో, ఎవరు మెసేజ్ పెట్టారో అన్నీ అదే చెబుతుంది, అదీ మామూలు మాటకి మూడింతల వేగంతో. కొత్తవాళ్ళకి కీచుకీచుమనడం తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. నాకు మాత్రం నల్లేరు మీద నడక. అయితే లాప్‌టాప్‌కి ఉన్నది ఒకటే నోరు. పాటా అందులోంచే రావాలి, వాగుడుకాయా అందులోంచే రావాలి. పాట రేడియోలోకి పోవాలి, వాగుడుకాయ నా చెవి దాటి పోకూడదు. అంటే ఇంకో నోరు కావాలి. బయట తగిలించే సౌండ్ కార్డు అందుకే. దాన్ని నా వేళ్ళూ గుర్తుపట్టాలి, వాగుడుకాయా గుర్తుపట్టాలి.

"ఇది వద్దు బాబాయ్. నేనే తెచ్చుకుంటాను," అని అద్దం ముక్క ఆయన చేతిలో పెట్టేశాను.

"ఇంతకంటే మంచిది దొరకదమ్మా."

"దొరక్కపోతే అప్పుడే చూద్దాం."

వదిన స్కూటరు తీసింది. మా అన్నయ్య భార్య. పై వాటాలో వాళ్ళుంటారు, కింది వాటాలో నేను. నా కోపానికి ఆవిడ పెట్టిన పేరు మిరపకాయ. దుకాణంలో అడుగు పెట్టామో లేదో అమ్మే అతను వదిన వైపు తిరిగి, "మేడమ్‌కి ఏం కావాలండీ?" అని అడిగాడు.

"మేడమ్‌కి నోరుంది, ఆవిడనే అడుగు నాయనా. నేను ఉత్త డ్రైవర్ని," అంది వదిన.

నా లాప్‌టాప్ బల్ల మీద పెట్టాను. "మీ దగ్గరున్నవన్నీ ఒక్కోటీ తగిలించండి. నేను పరీక్ష చేస్తాను."

"అన్నీనా?"

"పెళ్ళిచూపులైనా ఒక్కరితో సరిపెట్టుకోరు కదండీ."

మొదటిదాని నాబు పట్టుకుని తిప్పితే అది తిరుగుతూనే ఉంది. మొదలూ లేదు, చివరా లేదు. ఎంతవరకు తిప్పామో పైన అంకె కనిపిస్తుందన్నాడు. పక్కన పెట్టమన్నాను. రెండోదాని నాబులు బాగున్నాయి గానీ, మైకు ఆపాలన్నా తెరవాలన్నా దాని సొంత సాఫ్ట్‌వేరులోకే వెళ్ళాలట. అందులోకి వెళ్తే వాగుడుకాయ "బటన్, బటన్, బటన్, బటన్" అని ఒకటే పాట. ఏది దేనికో చెప్పదు.

"ఇంతమంది పిల్లల్ని కని ఒక్కరికీ పేరు పెట్టలేదేంటమ్మా!" అంది వదిన.

మూడోది నిద్రమొహం. కాసేపు చప్పుడు లేకపోతే కునుకు తీస్తుంది, మళ్ళీ లేచేటప్పుడు మొదటి అక్షరం మింగేస్తుంది. "అదెవరు పట్టించుకుంటారండీ!" అన్నాడు అతను. "నేను," అన్నాను. అతను పెట్టెలు విప్పీ విప్పీ నిట్టూర్పులు మొదలుపెట్టాడు. వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. నేను మాత్రం కదల్లేదు. ఆ గంట నాది కావాలంటే ఈ పూట సిగ్గుపడకూడదని గట్టిగా అనుకున్నాను.

చివరికి కింది అరలోంచి ఒకటి తీశాడు. "పాత మోడలండీ. ఎవరూ అడగరు."

ఇనప పెట్టె. చేతిలో బరువుగా కూర్చుంది. దుమ్ము. ముందు వరసగా నాలుగు నాబులు, ఒక్కోదాని నెత్తి మీద గోటికి తగిలే గీత. ఎడమకి తిప్పితే చివర ఆగుతుంది, కుడికి తిప్పినా ఆగుతుంది. మైకు బటను నొక్కితే లోపలికి దిగి అక్కడే ఉంటుంది. తెరిచి ఉందో మూసి ఉందో వేలికి తెలిసిపోతుంది. లాప్‌టాప్‌కి తగిలించాను. దీనికి సొంత సాఫ్ట్‌వేరు గోలే లేదు. కంప్యూటరు సెట్టింగుల్లోనే పేరుతో సహా కనిపించింది, వాగుడుకాయ గుక్క తిప్పుకోకుండా చదివేసింది. ఒక పాట వేశాను. పాట పెట్టెలోంచి వచ్చింది, వాగుడుకాయ లాప్‌టాప్‌లోంచి వచ్చింది. రెండు నోళ్ళు!

"ఇదే, కట్టండి," అన్నాను. నా మొహం చూసి వదిన, "అబ్బో, పిల్లాడు నచ్చేశాడు," అంది.

శనివారం స్టూడియోలో బాబాయ్ ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, "మా తాతల కాలంది," అని గొణుక్కుంటూనే మైకు తీగా ఫోను తీగా దానికి బిగించాడు. నేనడిగిన తీగ ఒకటి టంకం పెట్టి తెచ్చాడు కూడా. రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నెత్తి నొక్కేస్తుందని, లాప్‌టాప్ చప్పుడూ పెట్టె చప్పుడూ రెండూ కలిసి ఒక్క హెడ్‌ఫోన్‌లోకి వచ్చేలా చెయ్యమని నేనే అడిగాను. ఆ సుఖమే నా కొంప ముంచింది.

మోకాలి దగ్గర మోటారు గుర్రుమంది. నమస్కారం చెప్పాను, మొదటి పాట వదిలాను. వేళ్ళు ఏ నాబు కావాలంటే దాని మీదికి వాటంతటవే పోతున్నాయి. చెవిలో వాగుడుకాయ టైము చెబుతోంది, తర్వాతి పాట పేరు చెబుతోంది. లారీ డ్రైవరు ఫోను చేశాడు. అత్తగారు ఫోను చేశారు, కోడలు తిన్నగానే ఉందిట, అదే ఆవిడ బెంగ. ఇన్నాళ్ళూ ఒకడు నా పక్కన ఎందుకు కూర్చున్నాడా అనిపించింది.

పాట నడుస్తుండగా బాబాయ్ లోపలికి వచ్చాడు. "ఏదో కీచుమంటోందమ్మా, అప్పుడప్పుడూ. తీగ వదులైనట్టుంది." బల్ల కిందికి దూరి ఏదో బిగించి వెళ్ళాడు. ఇంకో పాటకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బిగించాడు. "డైరెక్టరు గారు వింటున్నారు," అని మాత్రం చెప్పి వెళ్ళాడు. నాకేమో హెడ్‌ఫోన్‌లో అంతా సవ్యంగానే ఉంది.

ఫోను మోగింది. పాట నడుస్తున్నప్పుడు ముందు నేను ఎత్తి మాట్లాడి, తర్వాతే రేడియోలోకి కలుపుతాను. ఎత్తాను.

"నమస్కారమండీ, ఏ పాట కావాలి?"

"పాట సంగతి తర్వాత," అంది ఒక పెద్దాయన గొంతు, గరుగ్గా. "మీ అన్నయ్య కళ్ళజోడు దొరికిందా?"

నాకు అర్థం కాలేదు. "ఎవరండీ మీరు?"

"లెక్కల మాస్టార్ని. రిటైరయ్యాను. చూపు ఎప్పుడూ లేదు. ఇందాక మీ వదిన మెసేజ్ పెట్టింది కదా అమ్మాయ్, మీ అన్నయ్య కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికిస్తున్నాడూ, అదేమో ఆయన నెత్తి మీదే ఉందీ, తను చెప్పలేదూ అని. దొరికిందా లేదా? మనసు అక్కడే ఉండిపోయింది."

ఆ మెసేజ్ పాట మధ్యలో వచ్చింది. వాగుడుకాయ నా చెవిలో చదివింది. నా చెవిలో మాత్రమే చదివిందనుకున్నాను.

"మాస్టారూ... అది రేడియోలో వస్తోందా?"

"మొదట్నుంచీ వస్తోంది. నీ మాట ఆగినప్పుడల్లా అదే. మా ఇంట్లో చూపున్నవాళ్ళు ఏదో కీచురాయి అనుకుంటున్నారు. నాకు అక్షరం పొల్లుపోలేదు. నేను ఇంతకంటే వేగంగా పెట్టుకుంటాను."

అయ్యో నా రాత! ఎక్కడ తప్పిందో అప్పుడు తట్టింది. వాగుడుకాయ ఏ నోట్లోంచి మాట్లాడాలో నేను ఖాయం చెయ్యలేదు, కంప్యూటరు ఇష్టానికి వదిలేశాను. దుకాణంలో దాని ఇష్టం నా ఇష్టం ఒకటైంది. ఇక్కడ బాబాయ్ పెట్టె తీగని లాప్‌టాప్‌లో ఇంకో రంధ్రంలో పెట్టేసరికి కంప్యూటరు కొత్త చుట్టం వచ్చాడనుకుని, వాగుడుకాయతో సహా అన్నీ ఆ పెట్టెకే అప్పజెప్పింది. రెండూ ఒకే హెడ్‌ఫోన్‌లో కలిసి వస్తుంటే నాకు తేడా ఎలా తెలుస్తుంది? ఇప్పుడు మార్చినా తెలియదు!

"మాస్టారూ, ఫోను పెట్టకండి. రేడియో దగ్గరగా పెట్టుకోండి. నేనిప్పుడు మారుస్తాను. పోయిందో లేదో మీరే చెప్పాలి."

"ఊఁ, కానియ్. నీ పాటలో ఇంకో చరణం ఉంది."

సెట్టింగుల్లోకి వెళ్ళాను. నొక్కిన ప్రతి మీటనీ వాగుడుకాయ ఊరందరికీ చాటుతోంది. "అవుట్‌పుట్ దగ్గరున్నావు," అన్నారు మాస్టారు ఫోన్లో. "కిందికి. ఇంకోటి కిందికి. ఆఁ, లాప్‌టాప్ అంది. నొక్కు." నొక్కాను. చెవిలో వాగుడుకాయ ఎప్పటిలాగే మోగింది.

"ఏమైంది మాస్టారూ?"

"ఉండు." పాట చివరి చరణం రాగం తీస్తోంది. "టైము అడుగు దాన్ని." అడిగాను. చెప్పింది, నాకు. "నాకేం వినపడలేదు," అన్నారాయన. "పోయింది. పాట ఒక్కటే వస్తోంది."

పాట అయిపోయింది. మైకు బటను నొక్కాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు గానీ, మిగతా భాగమంతా తడబడకుండా నడిపాను. ఏడవాలనిపించింది. పని అయ్యాక ఏడుద్దువులే అని నన్ను నేనే కసురుకున్నాను.

డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళేసరికి బాబాయ్ అక్కడే ఉన్నాడు. "నేను ముందే చెప్పానండీ. ఆ పాత పెట్టెలో ఏదో లోపం. బిగించగా బిగించగా చివరికి ఆగింది. సోమవారానికి అద్దం కార్డు పెట్టేస్తాను. పాపం, అమ్మాయి పక్కన ఎవరైనా కూర్చుని అది ముట్టుకుంటే సరిపోతుంది."

"కూర్చోడానికి మనిషి లేడని చెప్పాను కదా," అన్నారు డైరెక్టరు గారు. "అలాగైతే ఆ గంట..."

నోరు మూసుకుంటే తప్పంతా ఇనప పెట్టె మీదికి పోతుంది. పెట్టె పోతే గంట పోతుంది. నోరు తెరిస్తేనేమో కొరివితో తల గోక్కున్నట్టే, ఎందుకంటే వదిన మెసేజ్‌లో కళ్ళజోడు ఒక్కటే లేదు. తాడో పేడో తేల్చుకుందామనుకున్నాను.

"తీగా వదులు కాలేదండీ, పెట్టెలోనూ లోపం లేదు. తప్పు నాది," అన్నాను. "అది కీచుమనడం కాదు, మాటలు. నా కంప్యూటరు నాకు చదివి చెప్పే మాటలు బయటికి పోయాయి. సెట్టింగు నేను సరిగ్గా పెట్టుకోలేదు. ప్రసారం మధ్యలోనే సరిచేశాను."

"మాటలా? అవా?" అన్నాడు బాబాయ్, నమ్మలేక.

"రికార్డింగు ఉంటుంది కదా, వెయ్యండి. వేగం మూడో వంతుకి తగ్గించండి."

బాబాయ్ వేశాడు. కీచుమన్నదల్లా మెల్లగా సాగి మాటైంది. ముందు టైము. తర్వాత పాట పేరు. ఆ తర్వాత మా వాగుడుకాయ, ఉప్పూ కారం లేని గొంతుతో, తాపీగా ఇలా చదివింది:

"వదిన నుంచి మెసేజ్. మిరపకాయా, భయపడకు. ఆ ఇస్త్రీ పెట్టె ఏమైనా అంటే నాతో చెప్పు, వచ్చి ప్లగ్గు పీకేస్తా. మీ అన్నయ్య కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికిస్తున్నాడు. ఆయన నెత్తి మీదే ఉంది. నేను చెప్పలేదు."

బాబాయ్ దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"ఇస్త్రీ పెట్టె అంటే..." అన్నారు డైరెక్టరు గారు.

"మీరేనండీ. ఆ పేరు పెట్టింది మా వదిన కాదు, నేనే. ఎక్కడా ముడత ఉండనివ్వరని."

"అంతేనా?"

"దగ్గరికొస్తే కాలుతుందని కూడాను."

ఆయన కుర్చీ కిర్రుమంది. లేచారో, వెనక్కి వాలారో తెలియలేదు. "ఇది ఎవరికైనా అర్థమై ఉంటుందా?"

"చూపు లేనివాళ్ళు చాలామంది వింటారండీ మనల్ని. వాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది. ఒకాయన ఫోను చేసి చెప్పబట్టే దిద్దుకున్నాను."

"మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు."

"తెలిసేది కాదండీ. కానీ ఆ పెట్టె పోయేది. అదొక్కటే నా చేతికి అందేది. దాన్ని పరీక్ష చేసి, ఎంచుకుని తెచ్చుకున్నాను. నా తప్పుకి దాన్ని బలి పెట్టలేను. ఆ గంటా వదులుకోలేను."

ఆయన అదే ముడత లేని గొంతుతో, "సోమవారం ఆ ఇనప పెట్టెతోనే కూర్చోండి. ఒక్కరే," అన్నారు. నేను తలుపు దాకా వెళ్ళాక, "ఇంకోసారి అది రేడియోలోకి వచ్చిందంటే మీ వదినదాకా అక్కర్లేదు, ప్లగ్గు నేనే పీకుతాను," అన్నారు.

సోమవారం బాబాయ్ తన టంకం తానే కోసి, తీగని మళ్ళీ రెండు చేశాడు. "ఎడమ చెవికి నీ వాగుడుకాయ, కుడి చెవికి రేడియో. నెత్తి నొక్కినా సరే," అన్నాడు. "నొక్కనీ," అన్నాను. వాగుడుకాయని లాప్‌టాప్‌కే ఖాయం చేశాను. తీగ తీసి ఇంకో రంధ్రంలో పెట్టి చూశాను, మళ్ళీ మార్చి చూశాను. ఎటు పెట్టినా అది ఎడమ చెవి దాటలేదు.

మోటారు గుర్రుమంది. నమస్కారం చెప్పి పాట వదిలాను. ఎడమ చెవిలో వదిన మెసేజ్ మొదలైంది. అంతలో ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను," అన్నారు లెక్కల మాస్టారు. "రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఏమీ రావడం లేదు."

"ఏమీ అంటే?"

"నువ్వు మాట్లాడితే నీ గొంతు. తర్వాత పాట. అంతే." కాస్త ఆగారు. "నిజం చెప్పొద్దూ, కొంచెం చప్పగా ఉంది. మీ వదిన ఏమంటోంది ఇవాళ?"

అప్పుడు వచ్చాయి నాకు కన్నీళ్ళు, శనివారం దాచి పెట్టుకున్నవన్నీ కలిపి. పాట ఆఖరికి వచ్చింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గోటితో గీత వెతికి పట్టుకుని, ఫోను నాబు కుడి చివరిదాకా తిప్పి, మాస్టార్ని రేడియోలోకి కలిపాను.

"చెప్పండి మాస్టారూ," అన్నాను, అందరూ వింటుండగా. "ఏ పాట కావాలి?"